గడప దాటితే... దారెటు?

యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లను శరణార్థులంటారు. మొగుడి దెబ్బలు తాళలేక పారిపోయి వచ్చిన మనిషిని మాత్రం 'కాపురం వదిలేసి వచ్చింది' అంటారు. ఈ రెండో మనిషికి కూడా శరణు అడిగే హక్కు ఉందా లేదా అని ప్రపంచ దేశాల కోర్టులు మూడు దశాబ్దాలుగా వాదించుకుంటున్నాయి. ఆ వాదనకు గుండెకాయ లాంటి ప్రశ్నను నెల్లూరు జిల్లా ఆడవాళ్లు 1992లోనే రోడ్డు మీదికి తెచ్చారు.

శరణు మనకు కొత్త మాట కాదు. సముద్రపు ఒడ్డున నిలబడి విభీషణుడు శరణు కోరితే, ఇతన్ని నమ్మొచ్చా కూడదా అని వానరసేన పెద్ద చర్చే పెట్టింది. చివరికి రాముడు అభయమిచ్చాడు. 1959లో టిబెటన్లు వచ్చారు. 1971లో తూర్పు బెంగాల్ నుంచి కోటి మంది దాకా వచ్చారు. 1983 తర్వాత శ్రీలంక తమిళులు పడవలెక్కి వచ్చారు. వాళ్లందరికీ ఈ దేశం ఎంతో కొంత చోటిచ్చింది. ఎందుకు వచ్చారని గుచ్చి గుచ్చి అడగాల్సిన పని పడలేదు. వెనక మంటలు కనిపిస్తూనే ఉన్నాయి కదా!

ఇంట్లో మంట అలా కనిపించదు. తలుపు వేసి ఉంటుంది. పక్కింటివాళ్లకు వినబడుతుంది గానీ 'మొగుడూ పెళ్లాల గొడవ, మనకెందుకు' అని టీవీ సౌండు పెంచుకుంటారు. తెల్లారితే ఆమె చీర కొంగు భుజం నిండా కప్పుకుని నీళ్లకు వస్తుంది. అడిగితే బాత్‌రూమ్‌లో జారిపడ్డానంటుంది. అలాంటి మనిషి ఒకరోజు ఊరు దాటి, రాష్ట్రం దాటి, దేశమే దాటి 'నన్ను వెనక్కి పంపకండి' అని అడిగితే? చట్టం ఏం చెప్పాలి?

ఐదు కారణాల్లో ఆమె లేదు

శరణార్థి అంటే ఎవరో 1951 నాటి జెనీవా ఒప్పందం నిర్వచించింది. రెండో ప్రపంచయుద్ధం బూడిద ఇంకా ఆరని రోజులవి. జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెంది ఉండటం... ఈ ఐదింటిలో ఏదో ఒక కారణంగా పీడన తప్పదన్న భయంతో దేశం దాటినవాళ్లే శరణార్థులు. ఆడదాని మీద ఆడది కావడం వల్లనే దౌర్జన్యం జరగొచ్చన్న సంగతి ఆ జాబితాలో లేదు. రాసినవాళ్ల కళ్ల ముందున్నది నియంతలూ సైనికులూ. ఇంట్లో చెయ్యెత్తే మనిషి కాదు.

దాంతో పాశ్చాత్య దేశాల అధికారులు దశాబ్దాల పాటు ఒకటే మాట చెప్పారు: 'ఇది మీ సొంత గొడవ. పీడన అంటే ప్రభుత్వం చేసేది.' ఆ గోడకు మొదటి పగులు 1993లో కెనడాలో పడింది. ఆడవాళ్ల శరణు దరఖాస్తులను ఎలా చూడాలో ఆ దేశం ప్రత్యేకంగా మార్గదర్శకాలు విడుదల చేసింది. గృహహింస కూడా పీడన కిందికి రావొచ్చని అందులో ఒప్పుకుంది.

అసలు మలుపు 1999 మార్చిలో లండన్‌లో వచ్చింది. భర్తల హింసకు గురై, వ్యభిచారం నింద మోసి, ఇంటి నుంచి గెంటేస్తే బ్రిటన్ చేరిన ఇద్దరు పాకిస్తానీ మహిళల కేసు అది. వెనక్కి వెళితే ప్రాణాలు దక్కవని వాళ్లు మొర పెట్టుకున్నారు. బ్రిటన్‌లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. అందులో ఒక చిన్న లెక్క ఉంది. స్కూలు పిల్లలకు కూడా అర్థమయ్యే కూడిక. తీవ్రమైన హాని, దానికి తోడు ప్రభుత్వం కాపాడకపోవడం... రెండూ కలిస్తే పీడన!

కొట్టింది భర్తే కావచ్చు. కానీ ఆమె పోలీసు స్టేషన్‌కు వెళితే 'ఇంటికి పోయి సర్దుకో' అని పంపేస్తే, కోర్టుకు వెళితే వినేవాడు లేకపోతే, ఆ దెబ్బలో ప్రభుత్వానికీ వాటా ఉన్నట్టే. ఈ ఒక్క వాక్యం చుట్టూనే ఆ తర్వాత కథంతా నడిచింది.

పద్నాలుగేళ్ల నిరీక్షణ

అమెరికాలో ఈ కథకు ముఖం రోడీ అల్వరాడో. గ్వాటెమాలా దేశస్థురాలు. పదహారేళ్లకు ఒక సైనికుణ్ని పెళ్లాడింది. పదేళ్లు నరకం చూసింది. పోలీసులు పట్టించుకోలేదు. 1995లో అమెరికా చేరి శరణు కోరింది. 1996లో న్యాయమూర్తి ఇచ్చారు. 1999లో పైబోర్డు కొట్టేసింది. 2001లో అటార్నీ జనరల్ ఆ కొట్టివేతను రద్దు చేశారు. నిబంధనలు రాలేదు. ఫైలు కదల్లేదు. చివరికి 2009 డిసెంబరులో ఆమెకు శరణు దక్కింది. అడిగిన రోజు నుంచి లెక్కేస్తే పద్నాలుగేళ్లు. రాముడి వనవాసమంత!

తర్వాతైనా దారి తెరుచుకుందా అంటే అదీ లేదు. 2014లో అక్కడి బోర్డు గృహహింస బాధితురాలికి అనుకూలంగా ఒక మార్గదర్శక తీర్పు ఇచ్చింది. 2018లో అప్పటి అటార్నీ జనరల్ దాన్ని తోసిపుచ్చారు. 2021లో వచ్చిన ప్రభుత్వం ఆ తోసిపుచ్చడాన్ని తోసిపుచ్చింది. 2025లో మళ్లీ తలుపు బిగుసుకుంది. ప్రభుత్వం మారినప్పుడల్లా ఆడదాని ప్రాణం విలువ మారుతున్నట్టుంది వ్యవహారం. ఐరోపాలో గాలి అటు వీచింది. 2024 జనవరిలో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం, ఒక దేశపు ఆడవాళ్లందరినీ కలిపి ఒక సామాజిక వర్గంగా చూడొచ్చని, గృహహింస భయంతో వచ్చినవాళ్లు శరణార్థి హోదాకు అర్హులు కావొచ్చని చెప్పింది. తుర్కియేకు చెందిన ఒక కుర్దు మహిళ బల్గేరియాలో వేసిన కేసు అది.

'చెన్నైలో ఉండొచ్చుగా?'

ఇదంతా ఎక్కడో జరిగే కథ కదా, మనకేంటి సంబంధం అనిపిస్తుంది. సంబంధం ఉంది. ఈ జిల్లా తీరం వెంట కిందికి వస్తుంటే ఒకవైపు సముద్రం, మరోవైపు సరుగుడు తోపులు, రొయ్యల గుంటలు. ఆ పక్కనే పాలేలు, ఊళ్లు. ఇక్కడి నుంచి గల్ఫ్‌కు వెళ్లిన ఇంటి పనివాళ్లున్నారు. అమెరికా సంబంధం చేసుకుని వెళ్లిన ఇంజినీరు అమ్మాయిలూ ఉన్నారు. వాళ్లలో ఒకరికి కష్టం వచ్చిందనుకుందాం. భర్త కొడుతున్నాడు. తిరిగొస్తే చంపేస్తామని ఇక్కడి నుంచి అత్తింటివాళ్లు బెదిరిస్తున్నారు. ఆమె శరణు కోరింది. ఎదురుగా కూర్చున్న అధికారి ముఖ్యంగా మూడు ప్రశ్నలు వేస్తాడు.

నీకు జరిగిన హాని ఎంత తీవ్రమైంది? అది ఆ ఐదు కారణాల్లో దేని కిందికి వస్తుంది? ఇది మొదటిది.

మీ దేశంలో గృహహింస చట్టం ఉంది, పోలీసులున్నారు, కోర్టులున్నాయి. వాళ్ల దగ్గరకు ఎందుకు వెళ్లలేదు? వెళితే ఏమన్నారు? ఇది రెండోది.

మూడోదే మనవాళ్లకు గొంతులో ముల్లు. మీ ఊళ్లో ప్రమాదమైతే మీ దేశంలోనే ఇంకో ఊరికి వెళ్లి బతకొచ్చుగా? నెల్లూరులో రైలెక్కితే మూడు గంటల్లోపే చెన్నై. హైదరాబాద్ ఒక రాత్రి ప్రయాణం. అంత పెద్ద దేశంలో భర్తకు దొరక్కుండా బతకడానికి చోటే లేదా?

అక్కడి నుంచి పటం చూసేవాడికి అది సబబైన ప్రశ్నే. ఇక్కడి నుంచి చూస్తే? చెన్నైలో ఒంటరి ఆడమనిషికి ఇల్లు అద్దెకివ్వాలంటే 'మీవారేం చేస్తారు' అనే ప్రశ్న ముందుగా వస్తుంది. చంకలో పిల్లాడుంటే హాస్టళ్లు చేర్చుకోవు. స్కూల్లో వేయాలంటే పాత స్కూలు టీసీ కావాలి, రేషన్ కార్డేమో భర్త ఇంటి చిరునామాతో ఉంటుంది. ఎక్కడికి వెళ్లినా బంధువుల ఫోన్లు వెంటాడతాయి. ఈ సంగతులు అధికారికి రుజువులతో చెప్పగలిగితేనే ఆమె దరఖాస్తు నిలబడుతుంది.

రుజువులు ఎక్కడివి? అసలు చిక్కు ఇదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో హింసకు గురైన ఆడవాళ్లలో సాయం కోరినవాళ్లు నూటికి 14 మందే. 77 మంది సాయం కోరలేదు సరికదా, ఎవరికీ చెప్పుకోనేలేదు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 30 శాతం మంది భర్త చేతిలో హింస చూశారు. అంతకంటే గుండె చెరువయ్యే లెక్క ఇంకొకటుంది. ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబే అన్న మహిళలు మన రాష్ట్రంలో నూటికి 84 మంది!

'నోరు మూసుకుని కాపురం చేసుకో' అని మనం నేర్పిన ఓర్పే రేపు ఆమె మీద సాక్ష్యమవుతుంది. ఫిర్యాదు కాగితం లేదు, ఆసుపత్రి చీటీ లేదు, పంచాయతీ పెద్దలకు చెప్పిన దాఖలా లేదు. అయితే కొట్టలేదన్నమాటే అంటుంది చట్టం. ఇక్కడి కోర్టూ అంటుంది, అక్కడి అధికారీ అంటాడు.

సర్కారును నిలదీసిన ఊళ్లు

ఆ నోరు ఈ జిల్లాలో ఒకసారి తెరుచుకుంది. మామూలుగా కాదు, రాష్ట్రమంతా వినబడేలా.

1991లో నెల్లూరు జిల్లాలో 'అక్షర దీపం' పేరుతో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. పగలు కూలి పని చేసి రాత్రికి లాంతరు వెలుగులో పలకా బలపం పట్టారు ఆడవాళ్లు. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. తాగుబోతు భర్త వల్ల చితికిపోయిన ఒక సంసారం గురించి. పాఠం చదివిన ప్రతి ఊళ్లోనూ 'ఇది మా కథే' అన్నారు. అప్పటిదాకా ఎవరి దెబ్బలు వాళ్లవి. ఆ రాత్రి బడిలో మొదటిసారి తెలిసింది, పక్కన కూర్చున్నామె వీపు మీద కూడా అవే వాతలున్నాయని.

కలిగిరి మండలం దూబగుంట తీరానికి దూరంగా ఉండే మెట్ట ఊరు. అక్కడ వర్ధినేని రోశమ్మ ముందు నిలబడింది. ఆడవాళ్లంతా కలిసి ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ కబురే తర్వాతి వాచకంలో 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠమైంది. ఇక ఆగలేదు. మెట్ట నుంచి డెల్టాకు, అక్కడి నుంచి తీరానికి పాకింది. చీపుర్లు, కారం పొట్లాలు పట్టుకుని సారా బండ్లకు అడ్డం కూర్చున్నారు. ప్యాకెట్లు చించి పారబోశారు. తాగొచ్చిన మొగుళ్లకు అన్నం పెట్టలేదు. మరీ మితిమీరినవాళ్లకు గుండు కొట్టించిన ఊళ్లూ ఉన్నాయి.

ఇక్కడొక సంగతి గమనించాలి. వాళ్లు మొగుణ్ని నిలదీసి ఆగలేదు. ఆ సారా ఎవరు అమ్ముతున్నారని అడిగారు. అప్పట్లో 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో నింపి ఊరూరికీ సరఫరా చేసేది. దుకాణాలకు వేలం పాటలు పెట్టి వందల కోట్లు ఖజానాకు జమ వేసుకునేది. మంచినీళ్లు రాని పల్లెకు సారా మాత్రం టంచనుగా వచ్చేది. 'మా ఇంట్లో పడే దెబ్బకు పెట్టుబడి మీది' అన్నట్టుగా ఆడవాళ్లు నేరుగా నెల్లూరు కలెక్టరేటు ముందుకు వచ్చారు. వేలం పాట పెట్టడం, ఆడవాళ్లు అడ్డుకోవడం, వాయిదా వేయడం. 1992లో ఎన్నిసార్లు జరిగిందో! ఒక్క పాటా సాగనివ్వలేదు.

1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాను నిషేధించారు. 1994 డిసెంబరులో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వెంటనే సంపూర్ణ మద్య నిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి అది అమల్లోకి వచ్చింది. 1997లో సడలించారు. దాంతో ఉద్యమం ఓడిపోయిందని చెప్పేవాళ్లున్నారు. మద్యం సంగతి వరకే చూస్తే నిజమే. కానీ ఇంట్లో దెబ్బకు ప్రభుత్వం కూడా జవాబుదారీ అన్న మాటను ఒకసారి బయటపెట్టాక వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాలేదు. లండన్‌లో న్యాయమూర్తులు హాని, ప్రభుత్వ వైఫల్యం అంటూ కూడిక వేసింది 1999లో. అంతకు ఏడేళ్ల ముందే రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు ఆ లెక్క తేల్చేశారు.

ఇంకో తీపి గుర్తు కూడా మిగిలింది. సారా మీద పోయే డబ్బు ఇంట్లో ఆగితే ఎంత మిగులుతుందో చూసుకున్నవాళ్లు 1993లో రోజుకు రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. అదే 'పొదుపు లక్ష్మి'. ఆ తర్వాత రాష్ట్రమంతా అల్లుకున్న డ్వాక్రా సంఘాలకు అది ఊపిరి పోసింది. తన పేరు మీద బ్యాంకు పుస్తకం ఉన్న మనిషికి గడప దాటడానికి బస్సు చార్జీ అయినా చేతిలో ఉంటుంది. రోశమ్మ 2016లో కన్నుమూసింది. ఆమె మొదలుపెట్టిన మాట ఇంకా బతికే ఉంది.

ఇల్లే ఆశ్రయమైతే...

భర్త క్రూరత్వాన్ని నేరంగా చూసే 498-ఎ సెక్షన్ 1983లో వచ్చింది. 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 85, 86 సెక్షన్లయింది. నేరం రుజువైతే మూడేళ్ల దాకా జైలు. కానీ చాలామంది ఆడవాళ్లకు కావాల్సింది మొగుడు జైలుకు పోవడం కాదు. ఈ రాత్రికి తల దాచుకోవడానికి చోటు, రేపు పిల్లలకు అన్నం, ఎల్లుండి మళ్లీ దెబ్బ పడదన్న భరోసా.

ఆ అవసరం కోసమే 2005లో గృహహింస చట్టం తెచ్చారు. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. ఈ చట్టంలో అన్నిటికంటే గొప్ప మాట నివాస హక్కు. ఇల్లు ఆమె పేరు మీద లేకపోయినా సరే, కాపురం ఉన్న ఇంట్లోంచి గెంటేయడానికి వీల్లేదు. అవసరమైతే భర్తనే బయటికి వెళ్లమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. లేదా వేరే ఇల్లు చూపించి అద్దె కట్టమనవచ్చు. అత్తమామల పేరు మీదున్న ఇంటికి ఈ హక్కు వర్తించదని 2006లో వచ్చిన తీర్పు చాలామందిని రోడ్డున పడేసింది. అది సరికాదని సుప్రీంకోర్టు 2020 అక్టోబరులో చెప్పింది. పారిపోవాల్సింది కొట్టించుకున్న మనిషి కాదు, తప్పుకోవాల్సింది కొట్టిన మనిషి అన్నది ఈ చట్టం సారాంశం. శరణు కోసం దేశం దాటనక్కర్లేదు, ఆమె ఇల్లే ఆమెకు శరణు కావాలి.

చట్టం కాగితం మీద ఎంత చురుగ్గా ఉందో చూడండి. దరఖాస్తు అందిన మూడు రోజుల్లోపు మొదటి వాయిదా. అరవై రోజుల్లో పరిష్కరించే ప్రయత్నం. రక్షణ ఉత్తర్వును భర్త ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు లేదా 20 వేల దాకా జరిమానా, లేదా రెండూ. ప్రతి జిల్లాకూ రక్షణాధికారి. ఆచరణలో అరవై రోజులు ఏళ్లకు సాగే కేసులే కళ్ల ముందు ఎక్కువ. రక్షణాధికారికి ఆ పని ఒక్కటే ఉండదు, పది పథకాల్లో ఇదొకటి.

ఇక్కడే అసలు వింత. విదేశీ అధికారి ముందు మన చట్టం నిండుగా కనబడుతుంది. 'ఇంత మంచి చట్టం ఉండగా నీకు శరణెందుకు' అంటాడు. ఇక్కడ వాయిదాల కోసం తిరిగే ఆమెకు అదే చట్టం సగమే కనబడుతుంది. పుస్తకంలోని చట్టం అక్కడి తలుపు మూస్తుంది. అమలు కాని చట్టం ఇక్కడి తలుపు మూస్తుంది. మధ్యలో ఆమె.

విమానమెక్కిన పెళ్లికూతురు

అమెరికా సంబంధం అనగానే ఊళ్లో పెళ్లి సందడే వేరు. పెళ్లికూతురి పాస్‌పోర్టు మీద పడే హెచ్-4 ముద్రకు అర్థమేంటో మాత్రం ఎవరూ అడగరు. ఆ వీసా భర్త వీసాకు కట్టిన తోక. భర్త ఉద్యోగం పోతే అదీ పోతుంది. విడాకులైతే అదీ ముగుస్తుంది. 2015 నుంచి కొందరు హెచ్-4 భార్యలకు ఉద్యోగం చేసుకునే అనుమతి ఇస్తున్నారు గానీ, అదీ భర్త గ్రీన్‌కార్డు ఫైలు కొంత దూరం నడిచాకే. 'వీసా రద్దు చేయిస్తా' అన్న ఒక్క బెదిరింపుతో నోరు నొక్కేయడం అక్కడ తేలిక.

కొన్ని దారులు ఉన్నాయి. భర్త అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయితే, అతని సంతకం లేకుండానే భార్య సొంతంగా దరఖాస్తు పెట్టుకునే వీలు 1994 నాటి చట్టం కల్పించింది. భర్త హెచ్-1బి మీద ఉంటే ఆ వీలు లేదు. అయితే హింసకు గురైన అలాంటి భార్యలు సొంతంగా పని అనుమతి అడగవచ్చని 2005 సవరణ చెబుతోంది. నేరానికి బలై, దర్యాప్తులో పోలీసులకు సహకరించినవాళ్లకు 'యు' వీసా ఉంది. ఏడాదికి పదివేలే కాబట్టి వరస చాలా పొడుగు. శరణు దరఖాస్తు వీటన్నిటి కంటే కష్టమైన దారి. అమెరికాలో అడుగుపెట్టిన ఏడాదిలోపే పెట్టుకోవాలన్నది మామూలు నిబంధన. శరణు వచ్చాక స్వదేశానికి రాకపోకలు పెట్టుకుంటే ఆ హోదాకే ముప్పు. అమ్మానాన్నల చివరి చూపు కూడా దక్కకపోవచ్చు. డబ్బు తీసుకుని కథ అల్లిపెడతామనే దళారులను నమ్మితే ఉన్న నిజం కూడా అబద్ధమైపోతుంది. అక్కడ దక్షిణాసియా ఆడవాళ్ల కోసం న్యూజెర్సీలో 1985 నుంచి 'మానవి', న్యూయార్క్‌లో 1989 నుంచి 'సఖి' పనిచేస్తున్నాయి. దళారీ గుమ్మం కంటే ఇలాంటి గుమ్మం ఎక్కడం మేలు.

భర్త అక్కడి కోర్టులో విడాకులు తెచ్చుకుని కాగితం పంపిస్తే పని అయిపోయినట్టేనా? కాదని చెప్పించింది మన తెలుగు ఇల్లాలే. 1975లో తిరుపతిలో జరిగిన ఒక పెళ్లి. భర్త అమెరికాలో మిస్సోరి రాష్ట్ర కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుని మళ్లీ పెళ్లాడాడు. భార్య ఊరుకోలేదు. 1991 జూలైలో సుప్రీంకోర్టు ఆ విదేశీ విడాకులు ఇక్కడ చెల్లవంది. ఇద్దరూ ఏ చట్టం కింద పెళ్లి చేసుకున్నారో ఆ చట్టం ఒప్పుకునే కారణం ఉండాలి, భార్య ఆ కోర్టు పరిధికి తానుగా ఒప్పుకుని ఉండాలి అని సూత్రం గీసింది. నరసింహారావు-వెంకటలక్ష్మి కేసుగా లా విద్యార్థులు ఈనాటికీ దాన్ని చదువుకుంటారు.

గల్ఫ్ దారి వేరు. అక్కడ శరణు అన్న మాటే లేదు. కువైట్, సౌదీ, ఎమిరేట్స్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్... ఏదీ 1951 ఒప్పందం మీద సంతకం చేయలేదు. తాగుబోతు భర్త నుంచి తప్పించుకున్నట్టూ ఉంటుంది, పిల్లలకు నాలుగు రూపాయలు పంపినట్టూ ఉంటుందని విమానమెక్కే ఇల్లాలు అక్కడ కఫీలు చేతిలో పడుతుంది. ఇంట్లోంచి పారిపోతే 'పరారీ' కేసు పెడతాడు. ముప్పై ఏళ్లు నిండని ఆడవాళ్లను ఇంటి పనికి పంపకూడదని మన ప్రభుత్వ నిబంధన ఉంది. ఏజెంట్లు విజిట్ వీసా అంటగట్టి దాన్ని దాటిస్తుంటారు. అలా వెళ్లినవాళ్ల పేరు ఏ రికార్డులోనూ ఉండదు. కువైట్‌లోని మన రాయబార కార్యాలయం తల దాచుకోవడానికి ఒక ఆశ్రయం నడుపుతోంది. ఈ సంగతి వెళ్లే ముందే తెలిసి ఉండాలి.

చేతిలో ఉంచుకోవాల్సినవి

దెబ్బ తిన్న రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. ఎలా తగిలిందో డాక్టరుకు నిజమే చెప్పి రాయించుకోవాలి. ఆ చీటీ ఎక్కడైనా పనికొస్తుంది.

ఫిర్యాదు ఇస్తే నకలు, రసీదు అడిగి తీసుకోవాలి. బెదిరింపు మెసేజీలు చెరపకుండా నమ్మకమైన మనిషికి పంపి ఉంచాలి.

పాస్‌పోర్టు, వీసా పేజీలు, పెళ్లి ఫొటోలు, పిల్లల జనన ధ్రువపత్రాల నకళ్లు పుట్టింట్లో ఒక జత ఉండాలి. ఆడపిల్లను విదేశానికి పంపే ముందు సారెతో పాటు సర్దాల్సింది ఇదే.

181 మహిళా హెల్ప్‌లైన్. ప్రాణాపాయమైతే 112. ఆదాయంతో పనిలేకుండా మహిళలందరికీ ఉచితంగా లాయరును పెట్టే బాధ్యత న్యాయసేవాధికార సంస్థది. ఆ నంబరు 15100.

కేసు వేయడానికి అత్తింటి ఊరికే వెళ్లక్కర్లేదు. గృహహింస చట్టం కింద తాత్కాలికంగా ఉంటున్న చోటి కోర్టులోనైనా వేయొచ్చు. తల దాచుకున్న పుట్టింటి ఊళ్లోనే క్రూరత్వం కేసు పెట్టొచ్చని సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది.

విదేశీ సంబంధాల్లో చిక్కులొస్తే జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుంచి ప్రత్యేక ఎన్ఆర్ఐ విభాగం ఉంది. పిల్లలతో తిరిగి వచ్చేయాలనుకుంటే మాత్రం ముందు అక్కడి లాయరును అడగాలి. లేకపోతే పిల్లల్ని ఎత్తుకొచ్చిందన్న కేసు ఎదురవుతుంది. పిల్లల తరలింపు మీద 1980 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం చేరలేదు కాబట్టి ఆ చిక్కు తొందరగా తేలదు.

మొదటి తలుపు

2015 నుంచి జిల్లాల్లో 'సఖి' వన్‌స్టాప్ కేంద్రాలు వచ్చాయి. వైద్యం, పోలీసు, లాయరు, కౌన్సెలింగ్ అన్నీ ఒకే కప్పు కింద. అక్కడ ఉండనిచ్చేది మామూలుగా ఐదు రోజులు. ఎక్కువ కాలం కావాలంటే ఒకప్పటి స్వధార్ గృహాలు, ఇప్పుడు శక్తి సదన్‌లు ఉన్నాయి. ఇవి అవసరమే. ఇంకా కావాలి. కానీ ఐదు రోజుల తర్వాత ఆమె చూసేది పుట్టింటి వైపే.

పాలేల్లో గొడవైతే కులపెద్దల ముందు పెడతారు. ఊళ్లలో పెద్దమనుషులు కూర్చుంటారు. ఇంకో అవకాశం ఇవ్వమని చెప్పి చేతులు కలిపి పంపిస్తారు. ఎన్నో అవకాశమో ఎవరూ లెక్కపెట్టరు. తమ్ముడి పెళ్లి కావాలి, చెల్లెలి సంబంధం చెడుతుంది, నలుగురూ ఏమనుకుంటారు... కారణాలు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి.

జెనీవా ఒప్పందంలో ఒక మూలసూత్రం ఉంది. ప్రాణానికి ముప్పున్న చోటికి మనిషిని తిరిగి పంపకూడదు. దేశాలకు రాసిన ఆ సూత్రం ఇళ్లకు కూడా వర్తించాలి. ఏ పరాయి దేశపు అధికారి చేతికో వెళ్లకముందే ఆమె దరఖాస్తు ఒకచోట పెట్టి ఉంటుంది. అర్ధరాత్రి అమ్మకు చేసిన ఫోన్ అది. 'నేను వచ్చేయనా?' అని రెండే మాటలు ఉంటాయి అందులో. 'రా' అనే ఒక్క మాట చాలు, మిగతా తలుపులు తట్టడానికి ఆమె కాళ్ల మీద నిలబడుతుంది.